మూడు ముక్కల పాస్‌వర్డ్

ఆత్మకూరు,
13-10-2025.

చిరంజీవి దీవెనకు చిన్నాన్న ఏసన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం దేవుని కృపవల్ల క్షేమం. నువ్వు ఇచ్చిన కంప్యూటర్ ఒక్కటే క్షేమంగా లేదు.

ఆగస్టులో మీ నాయన పేరుమీద నువ్వు దాన్ని మన చర్చికి ఇచ్చినప్పుడు బాగానే పనిచేసింది. ప్రొజెక్టరులోంచి గోడమీద పాటల అక్షరాలు మూరెడేసి పడుతుంటే కళ్ళజోడు లేని ముసలమ్మలు కూడా గొంతెత్తి పాడారు. ఇప్పుడు మూడు వారాలుగా మేం రెండో చరణంలో ఉంటే గోడ మొదటి చరణంలోనే ఉంటోంది. గోడను నమ్ముకున్నవాళ్ళు ఒకటి, పాట నోటికి వచ్చినవాళ్ళు ఒకటి పాడుతున్నారు. లోపలి ఫ్యాను రొదకు పాస్టరు గారు మైకు పెంచమంటున్నారు.

అంతకంటే బాధ ఇంకొకటి. దాని మొహాన "కీర్తిశేషులు దేవదానం గారి జ్ఞాపకార్థం" అని నువ్వే చీటీ అతికించావు. జనం ఇప్పుడు కంప్యూటర్‌ను దేవదానం అనే పిలుస్తున్నారు. మొన్న ఆదివారం పాట మధ్యలో ఎవరో, "దేవదానం మళ్ళా నిలబడిపాయె. ఒకసారి ఆర్పి ఎలిగించండప్పా" అని అరిచారు. మా అన్న పేరు అట్లా వినాల్సి వచ్చినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

కమిటీలో యేసుప్రసాద్ లేచి, "నవంబరు 23న కోతకాలపు పండుగ ఉండాది. ఆలోగా ఇది సరిగ్గా ఆడకుంటే ఇచ్చినోళ్ళకే పంపిచ్చేద్దాం, చీటీతో సహా" అన్నాడు. తీర్మానమైపోయింది. కార్యదర్శిని కాబట్టి నా చేత్తో నేనే రాయాల్సి వచ్చింది. దాన్ని నడిపించడానికి నువ్వు పెట్టిన ఆ లినక్స్‌లో తెగులేమిటో వెంటనే తెలియజేయగలవు.

పాస్‌వర్డ్ ఏర్పాటు నీకు తెలిసిందే. కానుకల పెట్టెకు మూడు తాళాలున్నట్టే పాస్‌వర్డ్‌నూ మూడు ముక్కలు చేశాం. నాకొకటి, యేసుప్రసాద్‌కొకటి, గిడ్డయ్యకొకటి. ఒకరు కొడుతుంటే మిగతా ఇద్దరు గోడవైపు తిరిగి నిలబడాలి. ఆ రోజు నువ్వు నవ్వావు. నవ్వినా అది తీర్మానమే.

ఇట్లు,
నీ చిన్నాన్న, ఏసన్న.

తా.క.: ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనకు. సంఘం వ్యవహారం కాగితం మీదనే జరగాలి. నీ జవాబు కమిటీలో చదివి వినిపించి ఫైలులో పెడతాను.

*

కడప,
17-10-2025.

గౌరవనీయులైన చిన్నాన్నకు దీవెన వందనాలు.

కాలేజీ ల్యాబులో అరవై కంప్యూటర్లు చూసుకుంటున్నాను. అరవైలో ఏదీ నాచేత ఉత్తరం రాయించలేదు. మా నాన్న పేరు పెట్టుకున్నదే రాయించింది.

ఆ పెట్టెలో బొమ్మలు గీయడానికి ప్రత్యేకంగా ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. దానిచేత పని చేయించే ప్రోగ్రామును డ్రైవర్ అంటాం. నా అనుమానం దానిమీదే. దీంతోపాటు ఒక చీటీ పెట్టాను. అందులో ఉన్న లైను ఉన్నదున్నట్టు టైపు చేసి, వచ్చిన జవాబు అక్షరం పోకుండా రాసి పంపండి. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, గోడవైపు ఎవరూ తిరగక్కర్లేదు. ఫోటో తీసి పంపితే రెండు నిమిషాల పని. మీరు పంపరని తెలుసు.

మీ కూతురులాంటి,
దీవెన.

తా.క.: ఆ లైను మీరే టైపు చేయండి. యేసుప్రసాద్ మామకు మాత్రం ఇవ్వొద్దు. ఆయన ఒక వేలు పెడితే మూడు అక్షరాలు పడతాయి. ఆగస్టులో ఆయన ముక్క ఒక్కటి కొట్టడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

*

ఆత్మకూరు,
22-10-2025.

చిరంజీవి దీవెనకు ఆశీస్సులు.

నీ ఉత్తరం కమిటీలో చదివాను. తా.క.తో సహా చదివాను. ఉత్తరమంటే తేదీ దగ్గరినుంచి చివరి చుక్క దాకా ఉత్తరమే.

యేసుప్రసాద్ తన వేళ్ళవైపు ఒకసారి చూసుకున్నాడు. "నా యేలు పెడితేనే గదా మీ పాస్‌వర్డ్ తెరుసుకునేది. ఇంక పెట్టను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి చర్చిలో కూడా నాకు ఎదురుగా కూర్చోవడం లేదు.

నువ్వు అడిగిన జవాబు: ఎల్, ఎల్, వి, ఎం, పి, ఐ, పి, ఇ. తర్వాత బ్రాకెట్లో ఏవో అంకెలు. అవన్నీ వేరే కాగితం మీద రాసి జత చేశాను. గంటసేపు పట్టింది. నా కళ్ళు పోయాయి.

ఇట్లు,
ఏసన్న.

తా.క.: పెట్టె ఎంత వేడెక్కుతోందంటే మీ విశ్వాసమ్మ చిన్నమ్మ తడిసిన శనక్కాయలు తెచ్చి దానిమీద ఆరబోసింది. బాగా ఆరినాయి.

*

కడప,
27-10-2025.

చిన్నాన్నకు వందనాలు.

శనక్కాయలు తీసేయించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తీయించారా? ఇక వినండి. మీరు రాసి పంపిన ఆ పేరు చూసి తల పట్టుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంది, దాని పని కూడా ప్రాసెసరే నెత్తిన వేసుకుని చేస్తోందని దాని అర్థం. అందుకే వేడి, అందుకే ఆలస్యం. సెప్టెంబరులో లినక్స్ తనంతట తాను అప్‌డేట్ అయ్యి లోపల కొత్త కెర్నల్, అంటే దాని గుండెకాయ లాంటిది, వచ్చింది, పాత డ్రైవర్ దానితో కుదరలేదు. డ్రైవర్ మళ్ళీ ఎక్కించి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. పావుగంట పని. నాలుగు లైన్లు చీటీమీద రాశాను. దీనికి మాత్రం పాస్‌వర్డ్ కావాలి. ముగ్గురూ ఉండాలి.

యేసుప్రసాద్ మామా, ఈ ముక్క మీకు. తప్పయింది. మీ వేళ్ళలో ఏ లోపమూ లేదు, కీబోర్డే చిన్నది. దయచేసి వచ్చి మీ వంతు కొట్టండి.

మీ,
దీవెన.

తా.క.: ఇది మీకు మాత్రమే, కమిటీలో చదవకండి. గిడ్డయ్య తాత తన ముక్కను పైకి చదువుకుంటూ కొడతాడు. మీరిద్దరూ గోడవైపు తిరిగి లాభమేమిటి? చెవులు కూడా మూసుకోండి.

*

ఆత్మకూరు,
1-11-2025.

చిరంజీవి దీవెనకు,

చదవకండి అని రాసినది కూడా చదివాను. అట్లా కొంత చదివి కొంత దాచే కార్యదర్శిని నేను కాను.

గిడ్డయ్య, "నేను నోరు ఇప్పేవాణ్ణని పిల్లకాయలతో అనిపిస్తారా?" అని సంచి సర్దుకుని కోడుమూరులో అల్లుడి ఇంటికి పోయినాడు. యేసుప్రసాద్ నీ క్షమాపణ విని, "మళ్ళా యేళ్ళ మాటే ఎత్తినాది సూడు" అని ఇంకా ముడుచుకుపోయాడు.

నువ్వు రాసిన నాలుగు లైన్లూ కొట్టాం. గిడ్డయ్య ఊరికి పోకముందే అనుకో. రీస్టార్ట్ కూడా చేశాం. ఏమీ మారలేదు. పాట అక్కడే, ఫ్యాను అట్లే. నువ్వు చదువుకున్న చదువు ఆత్మకూరు దాకా పారడం లేదు.

ఇట్లు,
ఏసన్న.

తా.క.: శనక్కాయలు తీసేశాం. ఇప్పుడు దానిమీద పిల్లి పడుకుంటోంది. దానికి తీర్మానాలు పట్టవు.

*

కడప,
5-11-2025.

చిన్నాన్నకు వందనాలు.

ఒకరు అలిగారంటారు, ఒకరు కోడుమూరులో ఉన్నారంటారు, నాలుగు లైన్లూ కొట్టామంటారు. ఎట్లా కొట్టారో నాకు అర్థం కాలేదు. అయినా మీరు రాశారు కాబట్టి నమ్మాను. డ్రైవర్ ఎక్కించినా పనిచేయలేదంటే కార్డే పోయి ఉండాలి. నిన్న సెలవు పెట్టి, ఎండలో మూడు షాపులు తిరిగి, అదే రకం కార్డు ఇంకొకటి సంపాదించాను. మా ల్యాబులో పెట్టి చూశాను, బంగారంలా పనిచేస్తోంది. బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. బస్టాండు దగ్గర మొబైల్ షాపు భూపేష్‌ను పిలిచి మార్పించండి.

ఇంకొక పని. పాస్‌వర్డుతో చేసిన ప్రతి పనినీ లినక్స్ తేదీ వేసి రాసుకుంటుంది. ఆ పుస్తకం తెరిచే లైను చీటీలో ఉంది. ఇది తెరవడానికి పాస్‌వర్డ్ వద్దు. వచ్చినదంతా రాసి పంపండి.

ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. నాన్న పేరు పెట్టుకుని ఆ పెట్టె ఆటోలో వెనక్కి రావడం నేను చూడలేను.

దీవెన.

తా.క.: పిల్లిని కూడా.

*

ఆత్మకూరు,
10-11-2025.

చిరంజీవి దీవెనకు,

కార్డు మార్పించాం. ఏమీ తేడా లేదు. నీ సెలవు, నీ ఎండ వృథా.

నువ్వు అడిగిన పుస్తకం తెరిచాను. నాలుగే లైన్లు వచ్చాయి. నాలుగింటి ముందరా ఆగస్టు 14 అని ఉంది. ఆ తర్వాత ఖాళీ. పాడైన యంత్రం ఇంకేం రాస్తుంది? ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను, చూసుకో.

ఇట్లు,
ఏసన్న.

తా.క.: పాత కార్డు భూపేష్ అడిగాడు. ఇవ్వలేదు, సంఘం ఆస్తి. బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉందనుకుంటాను.

*

కడప,
14-11-2025.

చిన్నాన్నా,

యంత్రం పాడు కాలేదు. ఆగస్టు 14న నేను దగ్గరుండి పెట్టించిన రోజు తర్వాత ఆ పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా ఎవరూ కొట్టలేదు. తప్పు కొట్టినా అది రాసుకునేది. నాలుగు లైన్లూ కొట్టామని మీరు రాసింది అబద్ధం. నేను ఎండలో తిరిగింది ఒక అబద్ధం కోసం. ఇన్నేళ్ళలో మీమీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ముగ్గురిలో ఎవరో ఒకరు తమ ముక్క మరిచిపోయారు. యేసుప్రసాద్ మామే అయ్యుంటాడు. వేళ్ళ మాట ఆయనకు సాకు దొరికింది. ఎవరైనా సరే, నాకు అనవసరం. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే పద్ధతి చీటీమీద రాశాను. యంత్రం ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా చేయొచ్చు. కాలేజీలో పరీక్షలు, నేను రాలేను. పండుగలోగా మీరే చేయాలి.

దీవెన.

తా.క.: ఈ ఉత్తరం కమిటీలో చదవండి. గట్టిగా చదవండి.

*

ఆత్మకూరు,
24-11-2025.

నా తల్లి దీవెనకు,

నీ ఉత్తరం కమిటీలో చదవలేదు. పదకొండేళ్ళ కార్యదర్శిగిరీలో ఇదే మొదటిసారి.

మరిచిపోయింది నేను. అక్టోబరులో నీ మొదటి ఉత్తరం రాకముందే ఒకరోజు ఒంటరిగా కీబోర్డు ముందు కూర్చుని నా ముక్క గుర్తుచేసుకోబోయాను. నాలుగే నాలుగు అక్షరాలు. ఒక్కటీ రాలేదు. ఏ కీ మీదా వేలు పెట్టలేకపోయాను.

మీ నాయన మొదట మరిచిపోయింది సైకిల్ తాళం ఎక్కడ పెట్టాడో. తర్వాత ఇంటి దారి. ఆఖరున నన్ను. నేను నీ తమ్ముణ్ణి అని చెబితే నా చెయ్యి పట్టుకుని, "శానా సంతోషమప్పా. ఏ ఊరు మీది?" అన్నాడు. అప్పుడు నువ్వు కడపలో పరీక్షలు రాస్తున్నావు, నీకు చెప్పలేదు. అది నాకూ మొదలైందనుకున్నానమ్మా. చాలా భయపడ్డాను. మీ చిన్నమ్మతో కూడా అనలేదు. ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరితే నా సంగతి బయటపడుతుంది. అందుకే నీ తా.క.లు కావాలనే చదివాను. యేసుప్రసాద్ అలగాలని చదివాను. గిడ్డయ్య పోవాలని చదివాను. నిన్ను ఎండలో తిప్పాను. ఆ కార్డు పెట్టె చేతికి వచ్చిన రోజు అన్నం తినలేదు.

శుక్రవారం గిడ్డయ్యను కోడుమూరునుంచి పిలిపించి, యేసుప్రసాద్‌ను బతిమాలి, చర్చి పక్కగదిలో కూర్చోబెట్టాను. తలుపు వేసి, "నా ముక్క నేను మరిచిపోయినానప్పా" అన్నాను.

నేను లేచి, ఇక ఈ పదవి నాకు వద్దని కార్యదర్శి పుస్తకం బల్లమీద పెట్టేశాను. అప్పుడు యేసుప్రసాద్ నన్ను తినేసేలా చూసి, "ఇప్పుడు చెప్తాండావా? నాదీ గుర్తులేదు. నెల దినాలనుంచి కోపం నటించలేక సస్తాండా" అన్నాడు.

గిడ్డయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ముందే అనుంటే అల్లుని ఇంట్లో మూడు వారాలు పడుండేవాణ్ణా? నా కూతురు మళ్ళా సంగటి పెట్టేటప్పుడు మొకం మాడ్చుకుంటాంటే తినుకుంటా ఉంటినే! నాకు నా ముక్క ఆగస్టు దాటకముందే పోయినాది" అన్నాడు.

ముగ్గురమూ చాలాసేపు ఒకరినొకరు తిట్టుకున్నాం. అంత సంతోషంగా నేను ఎప్పుడూ తిట్లు తినలేదు.

తర్వాత నీ చీటీ ముందర పెట్టుకుని కొత్త పాస్‌వర్డ్ పెట్టాం. ముక్కల్లేవు, ఒకటే. టైపు చేసింది యేసుప్రసాద్. ఒక్కొక్క అక్షరం ఒక్కసారే పడింది, ఆ సంగతి నీకు ప్రత్యేకంగా రాయమన్నాడు. డ్రైవర్ ఎక్కింది, రీస్టార్ట్ అయింది, ఫ్యాను నోరు మూసుకుంది. కొత్త పాస్‌వర్డ్ వేరే కవరులో పెట్టి పంపుతున్నాను. మాకంటే నీ దగ్గరే భద్రం.

నిన్న పండుగ. గుమ్మడికాయలు, జొన్న కంకులు గడప దాకా పేర్చారు. పదకొండు పాటలు పాడాం. కంప్యూటర్ వైపు ఎవరూ తిరిగి చూడలేదు. గోడమీద అక్షరాలు మాకంటే ముందే వచ్చి నిలబడ్డాయి. మా అన్న పేరు ఎవరూ ఎత్తలేదు. నేను వెనక వరసలో కూర్చుని ఏడ్చాను.

నన్ను క్షమించగలవు.

ఇట్లు,
నీ చిన్నాన్న, ఏసన్న.

తా.క.: మీ చిన్నమ్మకు అంతా చెప్పాను. తిట్టింది, ఏడ్చింది, కర్నూలులో తలకాయ డాక్టరుకు చూపిద్దామంది. అది విని యేసుప్రసాద్, గిడ్డయ్య కూడా వస్తామన్నారు. ముగ్గురికీ కలిపి టోకెన్ తీసుకున్నాం. బుధవారం అని నేనంటున్నాను, గురువారం అని గిడ్డయ్య అంటున్నాడు. చీటీ యేసుప్రసాద్ దగ్గర ఉంది. ఎక్కడ పెట్టాడో పొద్దుటినుంచి వెతుకుతున్నాడు.