దొరసాని గుడ్ల మీద కూర్చుంది

చిట్టితల్లికి నాన్న కోటి దీవెనలు.

నీ పరిశోధన అచ్చయిందని తెలిసి నా కాలు నేల మీద నిలవడం లేదమ్మా! సంకర బాతుల ఒంట్లో గుడ్డుకు కావలసిన హార్మోన్లు సరిగా తయారు కావని నువ్వు రాసింది మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మన సంకర బాతు దొరసాని గుడ్డు పెట్టకపోతే మూడేళ్లుగా నేను వేసే మేతనే తిట్టింది కదా! అయినా, "ఇక పెట్టదని తేలిందిగా, కోతకు అమ్మేయండి" అంది.

నిన్న మాంసం కొట్టాయన వచ్చేసరికి దొరసాని పక్క బాతు గుడ్ల మీద కూర్చుని ఉంది. చెయ్యి పెడితే బుస్సుమంది. "గుడ్లు పొదిగి పిల్లల్ని లేపేలా ఉంది, నువ్వు పోవయ్యా" అని మీ అమ్మే అతన్ని పంపేసింది.

హార్మోన్లు సరిగా లేవన్నావు, మరి దాన్ని కూర్చోమన్నదెవరు తల్లీ? సూది తెచ్చి దాని రక్తం తీసి పరీక్ష చెయ్యి. కానీ పిల్లలు లేచాకే రా. అంతవరకూ నిన్ను కూడా దాని జోలికి రానివ్వను.

మీ నాన్న