ఫొటోలో బొట్టు లేని పెద్దామె

ఆదోని,
శుక్రవారం.

గౌరవనీయులైన యేసుప్రసాద్ అన్నగారికి,

ఆదోని నుంచి రాజ్యలక్ష్మమ్మ నమస్కారాలతో రాసుకునే సంగతులు. మన ఫొటోల బృందంలో చీటీలు వేస్తే నాకు జతగా మీ పేరు వచ్చిందని చెప్పారు. ఫోన్‌లో పంపితే ఎవరూ సరిగా చూడరని, కాగితం మీద వేయించి, ఉత్తరం రాసి టపాలో పంపుకోవాలన్న నియమం నాకు బాగా నచ్చింది. జతవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడకూడదట కదా. నేను అసలే తక్కువ మాట్లాడతాను.

మాది పత్తివిత్తనాల అంగడి. ఈ వయసులో నీకు డీఎస్ఎల్ఆర్ కెమెరా ఎందుకని అందరూ నవ్వారు. మా అత్తమ్మ ఒక్క ఫొటో కూడా లేకుండా పోయింది. బతికినన్నాళ్ళూ తీయనిచ్చింది కాదు. ఏటా ఆమె తిథికి పీట మీద ఆమె వక్కాకు సంచి పెట్టి, దానికే దండ వేస్తాము. పోయిన ఏడు మా ఇంటాయన గోవిందయ్యగారు ఆ సంచి ముందు కూర్చుని, "రాజ్యం, నాకు అమ్మ ముఖం గుర్తుకు రావడం లేదు" అన్నారు. ఆ తర్వాతే కెమెరా కొన్నాము. మావాళ్ళు ఇంకెవరూ అట్లా ముఖం లేకుండా పోకూడదు.

మొన్న అహోబిలం పోయి కెమెరాకు పూజ చేసుకుని వచ్చాను. అప్పటినుంచి నా ఫొటోల్లో ఒక విశేషం కనబడుతోంది. స్వామి చేసిన మేలు నోటితో చెప్పుకుంటే నిలవదని మా అమ్మ అనేది. అందుకే రాయను. మా అంగడికి వచ్చే రైతు బొజ్జన్నను ఆయన పత్తిచేనులో తీశాను. మీరే చూడండి.

ఇట్లు,
మీ చెల్లెలిలాంటి రాజ్యలక్ష్మమ్మ

తా.క.: మా ఇంట్లో పనిచేసే గంగక్క కెమెరా సంచి మోసుకుని నా వెంట వస్తుంది. "ఎర్రగుంట్లకు పోతే ఫొటో మీద సిమెంటు పడతాదేమో, కవరు గట్టిగా అంటీయమ్మా" అంటోంది.

*

ఎర్రగుంట్ల,
ఆదివారం, ప్రార్థన అయినాక.

సహోదరి రాజ్యలక్ష్మమ్మగారికి,

ప్రభువు నామమున వందనాలు. నేను సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీలు తూచే ఉద్యోగం చేస్తాను. గంగక్కగారికి చెప్పండి, కవరు మీద సిమెంటు నిజంగానే పడింది.

మీ ఫొటో తీసి చూశాము. నుదుటి మీద ఆ బొట్టు కనబడగానే నా భార్య జీవమ్మ "అయ్యో" అని కూర్చుండిపోయింది. మీరు నోటితో చెప్పలేకపోయినా మాకు అర్థమైంది. ఆ రోజు మా ప్రార్థనలో బొజ్జన్నగారిని తలుచుకున్నాము. ఆయనకు ఇక ఏ కష్టమూ లేదు. ముఖంలో ఎంత నెమ్మది ఉందో!

మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మీరు మనిషిని సరిగ్గా నడిమధ్యన పెట్టి, మధ్యనే చూస్తారు. మీట నొక్కే ముందు నాలుగు మూలలూ చూడండి. ఈ ఫొటోలో చేను చివర, శానా దూరంలో, ఒక పెద్దామె నిలబడి ఉంది. ఎండకు అరచేయి అడ్డం పెట్టుకుంది, ముఖం కనబడదు. బొజ్జన్నగారి తల్లి కాబోలు. ఆమెను ఓదార్చండి.

మా స్టేషన్‌లో గూడ్సు బండి ఫొటో ఒకటి పంపుతున్నాను.

మీ సహోదరుడు,
యేసుప్రసాద్

తా.క.: ఫొటోలో ఉన్నది పొగమంచు కాదు. బాగుందని మాత్రం రాయకండి. మాకు దగ్గు.

*

ఆదోని,
శుక్రవారం.

అన్నగారికి రాజ్యలక్ష్మమ్మ నమస్కరించి,

మీ ఉత్తరం చదివి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వేరే దేవుణ్ణి కొలిచే మీకు కూడా ఆ బొట్టు విలువ చూడగానే తెలిసింది! మా ఇంట్లో ఇంకా ఒకరిద్దరు నవ్వుతూనే ఉన్నారు.

బొజ్జన్నతో మొదలైంది, ఇక నేను ఆగలేదు. మా మరిది తేజేశ్వర్‌కు అంగడిలో అయింది. పక్కింటి పరమేష్ "నాకొద్దు పెద్దమ్మా" అని పరిగెత్తాడు, గంగక్క పట్టుకుని నిలబెట్టింది, వాడికీ అయింది. మా ఆవుకు కూడా! మూగజీవిని కూడా స్వామి మరువలేదు. మూడు ఫొటోలూ పంపుతున్నాను, నుదుళ్ళు చూడండి. వచ్చే శుక్రవారం తేజేశ్వర్ భార్య, నా తోడికోడలు ఉదయశ్రీకి అనుకుంటున్నాను.

బొజ్జన్న తల్లి ఆ చేనుకు రాలేదు. మీరు చూసింది గంగక్కనేమో. కానీ ఆమె ఎప్పుడూ నా వెనకే నిలబడుతుంది.

ఇట్లు,
మీ రాజ్యలక్ష్మమ్మ

తా.క.: పొగమంచు బాగుందని రాయబోయి ఆగిపోయాను.

*

ఎర్రగుంట్ల,
బుధవారం, డ్యూటీకి పోయే ముందు.

సహోదరి రాజ్యలక్ష్మమ్మగారికి వందనాలు.

మీ కవరు విప్పినప్పటినుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఇంత తొందరగా ఇంతమందా? ఆ పరమేష్ చిన్నవాడమ్మా! "ఈమె ఎవురప్పా, ఇంత చల్లగా రాస్తాంది? మనుషులను వరస పెట్టుకుంటాంది!" అని జీవమ్మ వణికిపోతోంది. మీరు మంచివారని నా నమ్మకం. మీ కెమెరా మాత్రం మంచిది కాదు. దయచేసి దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. ఉదయశ్రీని వదిలేయండి. ఆమె పసుపుకుంకుమలు ఇప్పటికే పోయాయి, ఇంకా ఏం చేస్తారు?

ఇంకొకటి. ఆ పెద్దామె మళ్ళీ ఉంది. మీ అంగడిలో విత్తనాల మూటల పక్కన, పరమేష్ వెనక గోడ దగ్గర, ఆవు కొట్టంలో. ఒక్కో ఫొటోకు ఒక్కో అడుగు ముందుకు వస్తోంది. కొట్టంలో ఎండ లేదు, అయినా ముఖానికి అరచేయి అడ్డం పెట్టుకునే ఉంది. కాకపోతే కొంచెం దించింది, ఒక కన్ను కనబడుతోంది. మిమ్మల్నే చూస్తోంది. ఇన్ని జరిగినా ఆమె నుదుటి మీద మాత్రం బొట్టు లేదు. అంతవరకు ప్రభువుకు స్తోత్రం.

మీ మేలు కోరే
యేసుప్రసాద్

తా.క.: ఎట్టి పరిస్థితుల్లోనూ మీ ఫొటో మీరు తీసుకోకండి.

*

ఆదోని,
శుక్రవారం.

అన్నగారికి రాజ్యలక్ష్మమ్మ నమస్కారాలు.

మీరు ఎందుకో భయపడినట్లున్నారు. ఉదయశ్రీ పసుపుకుంకుమలకు ఏమీ కాలేదు, ఆ మాట నాకు అర్థం కాలేదు. మీ మతంలో బొట్టు లేదు కదా, నేను పదే పదే పంపి మీ మనసు నొప్పించానేమో. క్షమించండి. మీకు మళ్ళీ కనబడిన పెద్దామె గంగక్కే అయి ఉంటుంది.

అత్తమ్మ తిథి దగ్గరపడింది. నిన్న మా ఇంటాయన ఆమె ఎట్లా ఉండేదో గంగక్కను అడిగారు. గంగక్క "నల్లగా, పొడుగ్గా ఉండేదప్పా" అంది. ఉదయశ్రీ "పొట్టి, చామనచాయ" అంది. ఆయన లేచి గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. నా మనసు ఆగక, నా ముఖమైనా ఈ ఇంట్లో మిగలాలని కెమెరాను స్టూలు మీద పెట్టి, మీట నొక్కి, పరుగున పోయి పూజగది గడపలో కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు. అన్నా, నాకూ అయింది! కెమెరా తెరలో నా నుదురు చూసుకుంటే మనసు ఎంత తేలికపడిందో! ఎవరో భుజం నిమిరినట్లు అనిపించింది.

ఈ ఉత్తరంలో ఆ ఫొటోనే పెడుతున్నాను.

ఇట్లు,
మీ రాజ్యలక్ష్మమ్మ

తా.క.: మీరన్నట్లు ఉదయశ్రీని వదిలేశాను. ఇక మిగిలింది మా ఇంటాయనే.

*

ఎర్రగుంట్ల,
సోమవారం.

దుఃఖంలో ఉన్న గోవిందయ్యగారికి,

అయ్యా, మీరు నన్ను ఎరగరు. మీ శ్రీమతి రాజ్యలక్ష్మమ్మగారి ఫొటోల జతగాణ్ణి. ఆమె ఇక లేరని ఫొటో చూసి తెలుసుకున్నాము. మా వీధిలో హిందువుల ఇళ్ళలో గోడ మీది పెద్దల ఫొటోలకు పెట్టే బొట్టే ఆమె నుదుటి మీద ఉంది. బొజ్జన్నగారి నుంచి ఆవు వరకు అందరికీ అదే బొట్టు. ఈ ఫొటోతో పాటు ఆమె చేతిరాతతో ఉత్తరం కూడా వచ్చింది. తాను పోయినట్లు తానే రాశారు. జీవమ్మ దాన్ని బైబిలు కింద పెట్టి, పైన ఇస్త్రీపెట్టె పెట్టింది.

అయ్యా, తర్వాత మీ వంతు అని అందులో ఉంది. చెప్పడం నా ధర్మం. ఆ కెమెరా ముందుకు పోవద్దు.

మీ ఇంట్లో మిగిలిన ఆ పెద్దామె సంగతి కూడా రాస్తున్నాను. ఈ ఫొటోలో ఆమె మీ శ్రీమతి పక్కనే ఉంది. చేయి పూర్తిగా దించేసింది. ముఖం స్పష్టంగా ఉంది, బొట్టు లేదు. పాపం, ఫొటోల్లో ఉన్న అందరూ పోయి ఆమె ఒక్కతే మిగిలింది. చూసుకునేవారు లేకపోతే మా ఇంటికి పంపండి. మాకు ఒక గది ఉంది. సంతోషంగా చూసుకుంటాము.

ఫొటోలన్నీ తిప్పి పంపుతున్నాను. ఇవి మా ఇంట్లో ఉండడం జీవమ్మకు ఇష్టం లేదు.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
యేసుప్రసాద్

తా.క.: ఆవుకు కూడా నా సానుభూతి.

*

ఆదోని,
అత్తమ్మ తిథి మరునాడు.

యేసుప్రసాద్ అన్నగారికి, బతికే ఉన్న రాజ్యలక్ష్మమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఇంటాయన అంగడిలో అందరి ముందూ గట్టిగా చదివారు. నేను మజ్జిగ ఇస్తుంటే గ్లాసు తీసుకోకుండా నా కాళ్ళ వైపు చూశారు. బొజ్జన్న అక్కడే ఉన్నాడు. "నేను సచ్చిపోతే మరి పొద్దున సంగటి తిన్నెదెవురప్పా?" అన్నాడు. పరమేష్ వాళ్ళమ్మ మా గడప తొక్కడం మానేసింది. ఆవు బాగుంది, మీ సానుభూతి చెప్పాను.

తప్పు నాదే. అహోబిలంలో కెమెరాకు బొట్టు పెట్టాలి కదా, ముందున్న అద్దం దాని కళ్ళజోడు అనుకున్నాను. కళ్ళజోడుకు ఎవరైనా బొట్టు పెడతారా? అందుకని ఆ అద్దం ఊడదీసి, లోపలి ముఖానికి కుంకుమ పెట్టాను. స్టూడియో హనుమేష్ విప్పి చూసి తల పట్టుకున్నాడు. బొమ్మ పడే పలక మీద కుంకుమ రేణువు అతుక్కుందట. ఇక ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చ పడుతుందట. నేనేమో అందరినీ నడిమధ్యన పెడతాను, అది సరిగ్గా నుదుటి మీద పడింది. ఫొటోకు బొట్టు అంటే ఏమిటో నాకు తెలియదా అన్నా? తెలుసు. స్వామి పెట్టాడనుకుంటే ఇక వేరే ఆలోచన రాలేదు.

అందరం తెరిపిన పడి నవ్వుకున్నాము. అప్పుడు మా ఇంటాయన "మరి ఆ పెద్దామె ఎవరు?" అన్నారు. మా ఇంట్లో పెద్దామె లేదు. గంగక్క ఒక్క ఫొటోలోనూ లేదు.

ఆయన భూతద్దం తెచ్చి మీరు పంపినవి వరుసగా పరిచారు. చేను, అంగడి, గోడ, కొట్టం, గడప. మీరు చెప్పినట్లు మూలలు చూశారు. చివరిదాని దగ్గర ఆగిపోయారు. భూతద్దం పక్కన పెట్టి, "ఎవరైనా ఫొటో తీయబోతే అమ్మ ఇట్లాగే అరచేయి అడ్డం పెట్టేది, రాజ్యం" అన్నారు.

నేనూ చూశాను. నల్లగా లేదు, పొట్టిగా లేదు. నడుముకు వక్కాకు సంచి. దించిన చేయి నా భుజం మీద ఉంది, నా కొంగు సర్దుతోంది. కాపురానికి వచ్చిన రోజు నుంచి ఆమె నాతో అన్న మాట ఒక్కటే, కొంగు సర్దుకోమని.

నిన్న తిథికి పీట మీద సంచి పెట్టలేదు. ఆ ఫొటోలో నన్ను కత్తిరించి తీసేసి, ఆమెను పెట్టుకున్నాము. మా ఇంటాయన కన్ను తిప్పకుండా చూస్తూ కూర్చున్నారు. ఇంతమందికి తానుగా పడిన బొట్టు ఆమెకు ఒక్కదానికే పడలేదు కదా. అది నేను నా చేత్తో పెట్టాను. సరిగ్గా మధ్యనే పడింది.

జీవమ్మ వదినకు నా క్షమాపణలు చెప్పండి. నా ఉత్తరం మీద నుంచి ఇస్త్రీపెట్టె తీసేయమనండి.

ఇట్లు,
మీ చెల్లెలు
రాజ్యలక్ష్మమ్మ

తా.క.: హనుమేష్ కెమెరా శుభ్రం చేశాక అందరినీ మళ్ళీ తీశాను. ఎవరికీ బొట్టు లేదు. నాలుగు మూలలూ చూశాను, అత్తమ్మ కూడా లేదు. మా ఇంటాయన ఒక సంగతి గుర్తుచేశారు. ఎవరైనా మనసారా ఇంటికి పిలిస్తే ఆమె ఏనాడూ కాదనలేదట. మీరు గది ఉందని రాశారు కదా. ఈసారి మీరు ఫొటో తీసినప్పుడు మూలలు ఒకసారి చూసుకోండి అన్నా. ఆమెకు పొద్దున్నే వక్కాకు కావాలి.