ఒంటి పన్ను దువ్వెన

మాస్టారికి నమస్కారం.

రేపటి సభలో మన దువ్వెన బొమ్మ చూపించకండి.

చిన్న గాజు ఉంగరంలోకి ఒక్క రంగు లేజర్ పంపితే, దువ్వెన పళ్ళలా ఎన్నో రంగుల గీతలు ఒకేసారి పుట్టాయని సంబరపడ్డాం కదా. రంగులు కొలిచే యంత్రం తెరమీద పాత గీతలు చెరగకుండా నిలిపే మీట నొక్కి ఉందని ఇవాళే చూశాను. దాన్ని ఆపితే ఒక్క గీతే మిగిలింది.

"దువ్వెన కాదక్కా, బోసినోట్లో ఒంటి పన్ను!" అని నవ్వబోయిన జూనియర్ నా ముఖం చూసి ఆగిపోయింది.

ఉంగరానికి నప్పే రంగు కోసం మనం లేజర్ రంగును కొద్దికొద్దిగా మారుస్తుంటే, ఆ ఒక్క గీతే నడుస్తూ, ఉంగరం ఒప్పుకున్న ప్రతి రంగు దగ్గరా జాడ వదిలింది.

మన ప్రయోగశాలలోకి వచ్చేది మనం ముగ్గురమే. మీట నేను నొక్కలేదు, జూనియరూ నొక్కలేదంటోంది. నన్ను అనుమానాలమ్మ అంటారుగా. ఈ ఒక్క అనుమానం నిజం కాదని చెప్పండి, మాస్టారూ.

మీ శిష్యురాలు