పెనాల అల్లావుద్దీన్ పెళ్ళి

నాతవరం, జూన్ 4

రచయిత మునీర్ గారికి అమీనాబీ సలాం.

మాసపత్రికలో మీరు రాస్తున్న "పెనాల అల్లావుద్దీన్" నవల మొదటి నుంచీ చదువుతున్నాను. నూట నలభై ఏళ్ళ కిందటి అనకాపల్లిని కళ్ళ ముందు పెట్టారు. బెల్లం వండే పెనాలకు చిల్లులు పడితే అతుకులు వేస్తూ ఊరూరా తిరిగే ఆ కుర్రాడు మా ముత్తాత. నవ్వకండి, నిజం. గురువారం ఫాతెహాలో చదవడానికి, చనిపోయిన పెద్దల పేర్లు వరసగా రాసిన నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. అందులో మొదటి పేరు ఆయనదే. ఎడమ బొటనవేలు మీది కాలిన మచ్చ కూడా సరిగ్గా రాశారు. అది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక్కటే తప్పు. ఈ నెల భాగంలో మదీనాబీతో ఆయన పెళ్ళి చెడగొట్టి, ఆ పిల్లని వేరేవాడికి ఇచ్చేశారు. ఆవిడ మా తాతమ్మ అండీ! పత్రిక వచ్చిన రోజు నుంచి రేషన్ మెషీన్లో నా వేలిముద్ర పడటం లేదు. డీలరు త్రినాధరావు, "నీ పేరే రావట్లేదు మామ్మా, అసలు నువ్వు కార్డులో ఎప్పుడున్నావేటి?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా నాకు బియ్యం కొలిచేది అతనే.

మీ పాఠకురాలు,
అమీనాబీ

తా.క.: ముందు ఫోనే చేశాను. మీరు మూడుసార్లు హలో అని పెట్టేశారు. నేను గొంతు చించుకుని మాట్లాడుతూనే ఉన్నాను.

———

అనకాపల్లి, జూన్ 11

అభిమాన పాఠకురాలు అమీనాబీ గారికి సలాం.

కల్పనని మీ ఇంటి కథ అనుకున్నారంటే చారిత్రక నవల రాసేవాడికి అంతకంటే ఏం కావాలి! గడియారాల షాపు మూసేసి, మూడేళ్ళు పాత కాగితాలు తిరగేసి రాస్తున్నాను. కానీ అల్లావుద్దీన్ నా బుర్రలో పుట్టినవాడు. పెనాల పని చేసేవాడి వేలికి మచ్చ ఉండటంలో వింతేముంది?

వచ్చే భాగంలో అతను శారదా నది వరదలో కొట్టుకుపోతాడు. రుమాలు దగ్గర పెట్టుకోండి.

భవదీయుడు,
మునీర్

తా.క.: పెద్దవాళ్ళకి వేలిముద్రలు అరిగిపోవడం మామూలే. నిమ్మచెక్క రుద్ది, తుడిచి పెట్టండి.

———

నాతవరం, జూన్ 19

మునీర్ గారికి వెయ్యి సలాములు.

నిమ్మచెక్క రుద్దాను. చెయ్యి మండింది, ముద్ర పడలేదు.

ఆయన్ని ముంచకండి. పెళ్ళి కాకుండా ఆయన పోతే మా తాత ఎక్కడి నుంచి వస్తాడు? నేనెక్కడి నుంచి వస్తాను? నిన్న మా మనవరాలు ఇల్మా నాకు తప్ప అందరికీ కంచాలు పెట్టింది. నన్ను చూసి, "ఎవలు కావాలండీ?" అని అడిగింది. నా చేతుల్లో పెరిగిన పిల్ల! నోటుబుక్కులో అల్లావుద్దీన్ పేరు కింద ఉన్న పేర్లన్నీ పాలిపోయాయి. నాకు చాలా భయంగా ఉంది. మదీనాబీ కాకపోతే మానె, ఎవరినో ఒకరిని తెచ్చి ఆయనకి పెళ్ళి చేయండి.

మీ దయ కోసం చూస్తూ,
అమీనాబీ

తా.క.: మా పెళ్ళిఫోటోలో నేను లేను. మా ఆయన ఒక్కడే, ఎవరి భుజం మీదో చెయ్యి వేసినట్టు నిలబడి ఉన్నాడు. ఇదివరకటి కంటే సంతోషంగా కనబడుతున్నాడు.

———

అనకాపల్లి, జూన్ 26

అమీనాబీ అనే పేరుతో రాస్తున్నవారికి,

ఇది మా బావ అతీక్ పనేనని కనిపెట్టాను. నా రాతకి వంకలు పెట్టేది వాడొక్కడే. అల్లావుద్దీన్ మునగడం ఖాయం. భాగం ఎడిటరుకి పంపేశాను కూడా.

ఇక సెలవు,
మునీర్

తా.క.: కవరు అంటించాక మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను. పోస్ట్‌మన్ దేముడు వచ్చాడు. మొన్నటి ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, "దాని మీద ఏటీ రాసి లేదండి బాబూ, స్టాంపూ లేదు. సేతిలోకి తీసుకుంటే మీ ఇంటికే అని తెలిసిపోనాది" అన్నాడు. వెతికి చూశాను. కవరు తెల్లగా ఉంది. ఎడిటరుకి ఫోన్ చేసి భాగం ఆపించాను. అమ్మా, మీ ముత్తాతని ఒడ్డుకి లాగుతాను. పెళ్ళి నా పూచీ.

———

నాతవరం, ఆగస్టు 3

మా ఇంటి దీపం నిలబెట్టిన మునీర్ గారికి సలాం.

పెళ్ళి అద్భుతం! పత్రిక వచ్చిన రోజే వేలిముద్ర పడింది. ఇల్మా కంచం పెట్టి, "దాదీ, ఇంకొంచెం ఏసుకో" అంది. ఏడ్చేశాను. ఫోటోలోకి కూడా వచ్చాను. ఒక్కటే మార్పు, నా కళ్ళు పిల్లికళ్ళు అయ్యాయి. బాగున్నాయి అంటున్నారు.

నోటుబుక్కులో రెండో పేరు ఇప్పుడు గౌసియాబీ. ఇంత చక్కని పిల్లని ఎక్కడ పట్టుకొచ్చారు? ఈ గురువారం ఆవిడ పేరు మీద బెల్లం మలీదా చేస్తాను.

మీకు రుణపడిన,
అమీనాబీ

తా.క.: ఫోటోలో మా ఆయన మళ్ళీ ఎప్పటిలాగే ఉన్నాడు.

———

అనకాపల్లి, ఆగస్టు 9

అమీనాబీ గారికి ఆనందంతో సలాం.

రచయిత రహస్యం చెబుతున్నాను. ఎడిటరు ఒక్క రోజే గడువిచ్చాడు. ఆ కాలపు ఆడపిల్ల పేరు ఒక్కటీ తట్టలేదు. మా ఇంట్లోనూ ఫాతెహా నోటుబుక్కు ఉంది. తెరిచి, మొదటి పేరు తీసుకున్నాను. గౌసియాబీ మా తాతమ్మ! ఆవిడవి పిల్లికళ్ళని మా నాన్న చెప్పేవాడు. ఉన్నదున్నట్టు దించేశాను. చారిత్రక నవలకి నిజం కలిస్తే ఆ రుచే వేరు.

సంతోషంతో,
మునీర్

తా.క.: పొద్దున్నుంచి నా ఫోను వేలిముద్రకి తెరుచుకోవడం లేదు. నిమ్మచెక్క రుద్దుతున్నాను. టీ అడిగితే మా ఆవిడ అర్షియా తలుపు దగ్గరకొచ్చి, "ఎవలు మీరు?" అంది. ఈ వయసులో సరసం!

———

నాతవరం, సెప్టెంబరు 2

రచయిత గారికి సలాం.

పేరు రాయలేదని కోపగించుకోకండి. ఆ తాతమ్మని మీ ముత్తాతకే వదిలేయండి, మా ముత్తాతకి వేరే పిల్లని చూడండి అని వెంటనే రాశాను. ఆ ఉత్తరం తిరిగొచ్చింది. "ఆ గుమ్మంలో గడియారాల మనిషంటూ ఎప్పుడూ లేడంట" అన్నాడు మా పోస్ట్‌మన్. మీ ఉత్తరాలు తీసి చూశాను. కింద సంతకాలు లేవు.

నా ప్రాణం నిలబెట్టమని అడిగాను గాని, మీది ఇమ్మని అడగలేదు కదండీ. నాకు దుఃఖం ఆగడం లేదు. ఇవాళ ఇల్మా చేత తెల్లకాగితాలు తెప్పించాను. ఐదో తరగతి చదువుతో నేనే మీ నవల మార్చి రాస్తాను. గౌసియాబీని మీ ముత్తాతకి ఇచ్చి పెళ్ళి చేస్తాను. ఆయన పేరేమిటో, ఆలస్యం చేయకుండా రాయండి.

జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న,
అమీనాబీ

తా.క.: నవల చివరి భాగం వచ్చింది. చాలా బాగుంది. ఎవరు రాశారో పేరు వేయలేదు. అద్దంలో ఈ పిల్లికళ్ళు చూసుకున్నప్పుడల్లా ఎవరో గుర్తొస్తున్నారు, పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.