అర్థమైందని సంతకం పెట్టను

సోమవారం

అరను రెండు చేసి మా బ్యాచ్ మొత్తాన్ని మోసం చేశారు, బాపిరాజు సార్. నమస్కారం చివర్లో పెడతాను, కోపం తగ్గితే.

హోంవర్క్ లెక్క ఇది: ఒక నల్లా ట్యాంకును మూడు గంటల్లో నింపుతుంది, ఇంకోటి ఆరు గంటల్లో. రెండూ తిప్పితే ఎంతసేపు? మీ జవాబు షీట్‌లో మొదటి లైను: 1/3 + 1/6. రెండో లైను: 1/2. మూడో లైను: ‘కాబట్టి 2 గంటలు. ఇది తెలిసిందే.’ ఎవరికి తెలిసిందే? నాకు తెలిస్తే పెద్ద అంబర్‌పేట్ గోడౌన్‌లో పొద్దంతా మామిడి డబ్బాలు మోసి, బస్సులో నిలబడి, దిల్‌సుఖ్‌నగర్‌లో మీ కోచింగ్‌కు ఎందుకొస్తాను?

సందేహాలు నోటితో అడగొద్దు, రాసి డబ్బాలో వేయాలని సెంటర్ రూలు. అందుకే రాస్తున్నాను. షీటు కింద ‘అర్థమైంది’ అని సంతకం పెట్టనివాళ్లకు రివిజన్ బ్యాచ్‌లో సీటు లేదని ఇంకో రూలు. ఈసారి పోతే కానిస్టేబుల్ పరీక్షకు నా వయసు దాటిపోతుంది. అయినా అర్థం కానిదానికి సంతకం పెట్టను. రెండో లైనుకూ మూడో లైనుకూ మధ్య ఏం జరిగింది? బుధవారం లోపు చెప్పండి.

కోపం తగ్గలేదు,
తిరుపతి, సాయంత్రం బ్యాచ్

తా.క.: మా సరూర్‌నగర్ గల్లీలో రెండు నల్లాలు ఒక్కసారి వచ్చింది ఎన్నడూ లేదు. అయినా లెక్క కోసం నమ్మాను.

*

చిరంజీవి తిరుపతికి, బాపిరాజు మాస్టారి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి బాధపడ్డాను నాయనా. రెండో లైనుకూ మూడో లైనుకూ మధ్య ఏదో పోయిందని రాశావు. జిరాక్సు మిషను మింగేసిందేమోనని అసలు కాగితం తెప్పించి చూశాను. మూడు లైన్లే రాశాను, మూడూ ఉన్నాయి. కొత్త జిరాక్సు జతచేశాను. సంతకం పెట్టి పంపు.

నీ మేలు కోరే,
బాపిరాజు

తా.క.: అసలు కాగితం చూడకముందే జిరాక్సు షాపాయన్ను తిట్టేశాను. అటు వెళ్తే నా తరఫున సారీ చెప్పు.

*

సార్‌కు దండం.

జిరాక్సుకు ఏ రోగమూ లేదు. లైను పోలేదు, మీరు రాయనే లేదు. అర ఉన్నది రెండెట్ల అయిందనేదే నా పరేషాన్.

సంతకం పెట్టినవాళ్లను టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. మా బ్యాచ్‌లో బట్టలు కుట్టే రమ్య ఉంది కదా, అర్థమైందా అని అడిగితే, “మధు పెట్టిండు, నేనూ పెట్టిన. ఆయన్నే అడుగు” అంది. మధును అడిగితే, “రమ్య క్లాసంత తలూపుతుంటే ఆమెకు తెలుసనుకున్న అన్నా” అన్నాడు. “నిద్రొచ్చి ఊపిన రా నాయనా!” అంది రమ్య. మీకు ‘అర్థమైంది’ అని రాసిచ్చిన బ్యాచ్ ఇదీ. వెనక బెంచీల వాళ్లందరిదీ ఇదే గతి.

ఇట్లు,
ఇంకా సంతకం పెట్టని తిరుపతి

తా.క.: జిరాక్సు షాపాయనకు మీ సారీ చెప్పాను. ఆయన షీటు ఒకసారి చదివి, “అర రెండెట్లయింది అన్నా?” అని అడిగాడు.

*

చిరంజీవి తిరుపతికి దీవెనలు.

వెనక బెంచీలు అన్నాక విషయం బోధపడింది. చూపు ఆనడం లేదన్నమాట! ఆ మాట మొదటే చెప్పొచ్చు కదా నాయనా, సిగ్గెందుకు? మూడు లైన్లూ ఫ్లెక్సీ కొట్టించి సెంటర్ బయట కట్టించాను. మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లేవాళ్లక్కూడా ఆనుతోంది. ఇక సంతకం ఆలస్యం చేయకు. నీ సీటు గురించి నాకూ బెంగగా ఉంది.

శుభం కోరుతూ,
బాపిరాజు

తా.క.: ఫ్లెక్సీ కొట్టినాయన అలవాటులో కింద నా ఫోటో వేసి ‘జన్మదిన శుభాకాంక్షలు’ అని పెట్టేశాడు. పట్టించుకోకు.

*

సార్, అన్యాయం ఇప్పుడు రోడ్డెక్కింది.

ఫ్లెక్సీ చూసి ఎవరో పూలదండ తెచ్చారు. కేకు ఎక్కడని మధు తిరుగుతున్నాడు. అర రెండెట్ల అయిందో మాత్రం ఎవరూ చెప్పరు. తమకూ అర్థం కాలేదని ఒప్పుకుని బ్యాచ్ అంతా పాత సంతకాల మీద పెన్నుతో గీత కొట్టేశారు. ఇప్పుడు నాకే కాదు, రివిజన్‌లో ఎవరికీ సీటు లేదు. “నీ పుణ్యాన మా సీట్లు గూడ పోతయి. జర నువ్వే తేల్చు అన్నా” అని రమ్య నా మీద పడింది.

నా కళ్లు మంచిగున్నాయి సార్. మీరు రాయని లైను చూసే కళ్లే నాకు లేవు.

ఓపిక అయిపోయిన,
తిరుపతి

తా.క.: హ్యాపీ బర్త్‌డే సార్, ఒకవేళ నిజమైతే.

*

చిరంజీవి తిరుపతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మా ఆవిడ అమ్మాజీ చదివింది. షీటు తిప్పి చూసి, “అదేంటండీ, అర రెండెలా అయింది?” అంది. “గంటలో సగం ట్యాంకు నిండితే, మిగతా సగానికి ఇంకో గంటేగా!” అన్నాను. “మరి ఆ ముక్క రాసి చావచ్చుగా, పాపం ఆ పిల్లలు!” అంది.

మధ్యలో జరిగింది అదే నాయనా. అది రాయాల్సిన మాటని నాకు తట్టనే లేదు. ఎక్కడ ఆగిపోతారో నీకు బాగా తెలుసు గనక, వచ్చే హోంవర్క్ జవాబు నువ్వే రాయి. దానికింద బ్యాచ్ అంతా సంతకం పెడితే పాత షీటు మాఫీ, అందరికీ సీట్లు. నీ పేరు మొదట రాస్తాను.

నీ మాస్టారు,
బాపిరాజు

తా.క.: కాఫీపొడి డబ్బా ఎక్కడుందని అడిగితే అమ్మాజీ ఇప్పుడు ‘అది తెలిసిందే’ అంటోంది.

*

బాపిరాజు సార్‌కు నమస్కారం. ఈసారి మొదట్లోనే.

గింతేనా సార్! ఈ గంటలో సగం, వచ్చే గంటలో సగం! గోడౌన్‌లో డబ్బా నెత్తిన పెట్టుకుని ఒక్కడినే నవ్వాను.

కొత్త లెక్క చూశాను: ముగ్గురు పన్నెండు రోజుల్లో చేసే పనిని నలుగురు ఎన్ని రోజుల్లో చేస్తారు? బస్సు దిగేలోపు తేల్చేశాను. షీటు జతచేశాను, పంచండి. సంతకాలన్నీ వస్తాయి, నాది పూచీ.

మీ శిష్యుడు,
తిరుపతి

తా.క.: రమ్య ఏదో అడగబోయింది. “గిది చిన్న పోరగాండ్లకు గూడ తెలుసు, సంతకం పెట్టు పో” అన్నాను.

*

గురువారం

ముప్పై ఆరు అని రాసి బ్యాచ్ మొత్తాన్ని ముంచావు, తిరుపతీ. ఆశీస్సుల సంగతి తర్వాత చూద్దాం.

నీ షీటు నా ముందుంది: ‘3, 12. అంటే 36. కాబట్టి 9. గింతే.’ సందేహాల డబ్బాకు మూత పడటం లేదు. ఆ ముప్పై ఆరు మనుషులా, రోజులా అని అడుగుతున్నారు. మధు ఇలా రాశాడు: “పనికాడ ముగ్గురే ఉండె గదా సార్, ముప్పై ఆరు మంది యాడికెళ్లి ఒచ్చిండ్రు? ఆఖరికి తొమ్మిది మందే మిగిలితే తక్కినోళ్లు ఏమైండ్రు?” రమ్య సంతకం చోట ‘అర్థం కాలేదు, పెట్టను’ అని రాసి, ఆ మాట కింద బ్యాచ్ అందరి చేతా సంతకాలు పెట్టించింది. ఈ పద్ధతి వాళ్లకు ఎవరు నేర్పారో నేను చెప్పక్కర్లేదు.

సీట్ల జాబితా శనివారం వెళ్లిపోతుంది. వాళ్లు ఒప్పుకోకపోతే అందులో వాళ్లూ ఉండరు, నువ్వూ ఉండవు. ముప్పై ఆరుకూ తొమ్మిదికీ మధ్య ఏం జరిగింది?

బాపిరాజు

తా.క.: నేనే రాసిద్దామని కూర్చున్నాను. మధ్యలో రాయడానికి నాకేమీ కనిపించలేదు. నువ్వే రాయాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటి లోపు డబ్బాలో ఉండాలి.