వెయ్యి వాట్ల హీటరు

రాజమ్మా,

ఇవాళ నీ తిథి. కోవిల్‌పట్టి నుంచి నీ తమ్ముడు వచ్చేలోపల, వాడు సీరుగా, పుట్టింటి కానుకగా ఇచ్చిన నీళ్ళ హీటరును కొలిచాను. విరుదునగర్‌లో మోటార్లకు తీగ చుట్టే అంగడి నుంచి మీటరు తెచ్చాను. నువ్వుండగా, పుట్టింటి సీరును పరీక్షించకూడదని అడ్డుపడేదానివి.

దాని మీద వెయ్యి వాట్లని అచ్చు వేసి ఉంది. వోల్టేజి రెండువందల ముప్పై, కరెంటు రెండే ఆంపియర్లు. భాగిస్తే నిరోధం నూటపదిహేను ఓమ్‌లు. గుణిస్తే నాలుగువందల అరవై వాట్లు, సగం కూడా లేదు.

లెక్క కాగితం వాడి ముందు పెట్టాను.

"అక్కకి తెల్సును బావా. మార్చిస్తానంటిని. నువ్వు నన్ను తిడతావని వద్దనె," అన్నాడు.

అబద్ధాలు వాడికి అలవాటే, ఇదీ నమ్మబుద్ధి కావడం లేదు. కానీ నీళ్ళు కాగకముందే స్విచ్చి ఆపేస్తున్నావని రోజూ నిన్ను అనుమానించాను. నువ్వు ఒక్కనాడూ హీటరు మీద నేరం మోపలేదు.