దారిన పోయేవారికి కనిపించే ఎత్తులో

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు ఒక్కటే బాగుండనంటోంది, దాని ఇష్టానికి దాన్ని వదిలేశాం. నువ్వూ, కళ్ళజోళ్ళ షాపు అబ్బాయీ అక్కడ కులాసాగా ఉన్నారని నమ్మి రాస్తున్నాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. కుట్టు మిషను బాగుచేయించాం. నాన్న అలకా తీరింది. వేరే మతం అబ్బాయి అనగానే నాలుగు రోజులు మూతి బిగించుకుని కూర్చున్నారు కదా! మీరిద్దరూ వచ్చి వెళ్ళాక, "కుర్రాడు నా కళ్ళజోడు ఎంత బాగా అతికించాడే, మనిషి మంచివాడే" అన్నారు. ఈయన పంతం కళ్ళజోడుకి లొంగుతుందని తెలిస్తే ఎప్పుడో విరగ్గొట్టేదాన్ని.

ఇక మూడోది, నోటీసు సంగతి. మీ దరఖాస్తు అందిన రోజే మా పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు ఆఫీసు గేటు పక్కన బోర్డుకి అంటించాను. వేరువేరు మతాల వాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే నెల రోజులు ఇద్దరి ఫొటోలూ, చిరునామాలూ అక్కడ ఉండాలని పోయినేడాది కొత్త రూలు వచ్చింది కదా. గుమాస్తాని కాబట్టి అంటించే పని నాదే. నా కూతురని చెప్పి ఒక మూలకి జరపలేదు. ఇంతకంటే మంచి ఫొటో దొరకలేదా అని నాన్న గొణిగారు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చే వంకతో బోర్డు ముందు కాసేపు కాపలా కాసి వెళ్ళేవారు.

పన్నెండో రోజున మన ప్రార్థన సంఘం పెద్దాయన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ఈ పెళ్ళికి అభ్యంతరం పెడతామన్నారు. కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, ఫారం చేతికిచ్చాను. అందులో కారణాలకి నాలుగే గడులున్నాయి: వయసు చాలకపోవడం, ఇదివరకే పెళ్ళై ఉండటం, మతి స్థిమితం లేకపోవడం, దగ్గరి రక్తసంబంధం. పెద్దాయన కాగితాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు.

"మతం వేరు అని ఎక్కడ రాయాలమ్మా?"

"ఆ గడి లేదండీ, బాబాయిగారూ."

పక్కనున్నాయన మతి స్థిమితం గడిలో రాసేద్దామన్నాడు. డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలని చెప్పాను. ఫారం పట్టుకుని వెళ్ళిపోయారు, మళ్ళీ తేలేదు. గుమ్మం దాటుతూ పెద్దాయన ఒక మాట అన్నారు. అది నీకు చెప్పాలనే కలం పట్టుకున్నాను, ఇంతసేపూ మోకాళ్ళూ కళ్ళజోళ్ళూ అంటూ నాన్చాను.

"రూలు రాసింది నువ్వే కదమ్మా. ఆ గడి కూడా అప్పుడే పెట్టించాల్సింది" అన్నారు.

నిజమేనే. సంఘం వాళ్ళు ప్రభుత్వానికి అర్జీ పెట్టేటప్పుడు, ఆఫీసు భాష వచ్చినదాన్నని నన్ను రాయమన్నారు. పిల్లలు చాటుగా పెళ్ళి చేసుకోకుండా కన్నవాళ్ళకి తెలిస్తే మంచిదేగా అనుకున్నాను. "ఫొటోలతో సహా, దారిన పోయేవారికి కనిపించే ఎత్తులో" అన్న ముక్క నాదే. అక్షరం మారకుండా గెజిట్‌లో వస్తే పొంగిపోయి మీ నాన్నకి చదివి వినిపించాను కూడా.

రూలు వచ్చాక నేను అంటించిన మొదటి నోటీసు ఒక నర్సమ్మది. పద్దెనిమిదో రోజున ఆ పిల్ల అన్నలు బోర్డు మీద ఫొటో చూశారు. మర్నాటి నుంచి ఆమె డ్యూటీకి రాలేదట. గడువు రోజున పెళ్ళికొడుకు ఒక్కడే వచ్చి, ఆఫీసు మూసేదాకా కూర్చున్నాడు. "వధువు హాజరు కాలేదు" అని ఫైల్లో రాసింది నేనే. ఆ పిల్ల ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఇదంతా నీకు అప్పుడే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. పోయిన నెల నీ ఫొటో వెనక జిగురు రాస్తుంటే తల కొట్టేసినట్టయింది.

దేవుడి మీద నాకేం అలక లేదు. రోజూ దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆయన పేరు చెప్పి ఒకరి పెళ్ళికి అడ్డం పడే కాగితం మాత్రం ఇక ఈ చేత్తో రాయను. ఆ రూలు తీసేయమని నా పేరుతో ఇంకో అర్జీ పంపాను. సంఘంలో ఎవరూ సంతకం పెట్టలేదు. మీ నాన్న ఒక్కరే పెట్టారు.

నిన్నటితో మీకు నెల నిండింది. అభ్యంతరాలేవీ రాలేదని మా ఆఫీసరే రాసి సంతకం చేశారు. తల్లిని కాబట్టి అది నేను రాయకూడదు. ఆ కాగితం చూశాక ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. నాన్నయితే ఈల వేసుకుంటూ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

గురువారం పది గంటలకి ఇద్దరూ వచ్చేయండి. ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు అబ్బాయి తరపున వస్తున్నారు. మూడో పేరు ఇంకా రాయలేదు. తల్లి సాక్షిగా ఉండొచ్చట, అడిగాను. ఆ సంతకం నేను పెట్టాలని చాలా ఆశగా ఉంది తల్లీ. ఇది చదివాక నీ మనసు ఒప్పకపోతే, నీకు నచ్చిన మనిషిని తెచ్చుకో. నేను తలుపు దగ్గర నిలబడి చూసుకుంటాను. అదైనా వద్దనకు.

ఇట్లు,
మీ అమ్మ